సారక్క బయటున్నది

1

చూసే పలక చెడిపోయింది. తేమ పట్టి లోపలి అద్దం మసకబారిందని, ఇక కొత్తది రాదని మరమ్మతు వాళ్ళు చెప్పి వెళ్ళారు. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళు ఆ పలక కింద పడుకుంటే చాలు, పొత్తికడుపులో ఉన్నదంతా గోడ మీద కనిపించేది. ఇప్పుడు చేత్తో చూడాలి. చేత్తో చూడటం వచ్చినవాళ్ళు, మేమంతా నేల కింద బతికే ఈ పాత బొగ్గు బాయి మొత్తానికి డాక్టర్ నఫీసా ఒక్కరే. ఆమె చేతులు వణుకుతాయి. అందుకని నన్ను తెచ్చారు.

నేను చదివింది గాలి లెక్కలు. ఏ సొరంగంలోకి ఎంత గాలి తోలాలి, అది ఏ మూల ఆగిపోతుంది, ఇలాంటివి. డిగ్రీ అయ్యాక పైకి వెళ్ళే సర్వే దళానికి అర్జీ పెట్టాను. తిప్పి పంపారు. మళ్ళీ పెట్టాను. ఈసారి ఆడవాళ్ళ గదికి పంపారు.

"నీ చేతులు సన్నగున్నయ్ తొలకరీ. కండ్లు ఒక్కకాడ నిలువయ్. నాకు గసొంటి పిల్లనే కావాలె," అన్నారు నఫీసా మేడం.

పాత బొగ్గు బెల్టు రబ్బరుతో ఆమె ఒక నడుము బొమ్మ కుట్టారు. దాని లోపల ఏదో ఒకటి దాచి పెడతారు. నేను కళ్ళు మూసుకుని రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, రెండో చెయ్యి పై నుంచి నొక్కి, తగిలింది తగిలినట్టు చెప్పాలి. గర్భసంచి మూతి ముక్కు కొసలా ఉంటే మామూలు. పెదవిలా మెత్తగా ఉంటే కడుపుతో ఉన్నట్టు. రాయిలా ఉంటే చెడ్డది.

"ముక్కు," అన్నాను.

"ఎవరి ముక్కు? సరిగ చూడు. నా ముక్కసొంటి మొద్దు ముక్కా, నీ ముక్కసొంటి సన్నదా?"

నవ్వాలని తెలుసు. నవ్వాను.

2

ఇవాళ మేడం కాన్పు చేయడానికి ఐదో లెవెల్‌కి దిగారు. గదిలో నేనూ అక్కా ఉన్నాం. అక్క మనిషి కాదు, గోడలో బిగించిన పెట్టె. వచ్చిన ప్రతి ఆడమనిషినీ అదే ప్రశ్నలు అడుగుతుంది. గొంతు బాగుంటుంది. భాష మాత్రం ఎప్పటిదో, వార్తలు చదివేవాళ్ళది. ఇలాంటి పెట్టె పై గేటు దగ్గర కూడా ఉంది, రెండింటిదీ ఒకే మెదడు.

పరికరాలు కాచి, బట్టలు ఆరవేసి కూర్చున్నానో లేదో, సారక్క వచ్చింది. పుట్టగొడుగుల మళ్ళు ఆమెవే. మూడో లెవెల్‌లో ఆమె చేతి కూర తినకుండా పెరిగినవాళ్ళు లేరు, నాతో సహా. బల్ల పట్టుకుని మెల్లగా కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది.

"మీ చివరి ఋతుస్రావం ఎప్పుడు సంభవించింది?" అని అక్క అడిగింది.

సారక్క నా వైపు చూసింది. "ఏమంటున్నదే ఇది?"

నేను అదే వాక్యాన్ని ఇంకాస్త మెల్లగా చెప్పాను.

"అగో, నువ్వు గూడ గదే అంటివి." పెట్టె వైపు వంగింది. "సూడు తల్లీ. నాకెప్పుడో బందయింది. ఇన్నేండ్లకు మల్ల బయటున్న. నెలలాయె, తెగుతలేదు."

ఈ మాట అక్క పట్టుకుంది. "మీరు బయట ఉన్నారా?"

"ఉన్ననంటున్న గద!"

పెట్టె మీది దీపం ఎర్రబడింది.

ఈ బాయిలో బయట అంటే ఒకటే. పైన, నేల మీద. ఎండలోకి. సర్వే దళం తప్ప ఎవరూ వెళ్ళకూడదు. వెళ్ళినవాళ్ళ ఊపిరిలో పై దుమ్ము ఉంటుంది, అది దగ్గరవాళ్ళకు అంటుతుంది. నేను రాసిన అర్జీలు రెండూ ఆ ఒక్క మాట కోసమే. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాను.

"సారక్కా, ఎట్లుంది బయట?"

"ఎట్లుంటదే పాడు. నడుము గుంజుతది. కాళ్ళల్ల సత్తువుండది."

"బాగా వేడా?"

"వేడే మరి. వేడి చేస్తనే గిట్లయితదంటరు."

"రంగెట్లుంది?"

"ఏం పిల్లవే, రంగడుగుతవు! ఎర్రగ. ఒక్కోపారి నల్లగ, గడ్డలు గడ్డలుగ."

బొగ్గు పొరలు బయటపడి ఉంటాయనుకున్నాను. "ఒక్కదానివే ఉన్నవా? తోడెవరూ లేరా?"

"దీనికి తోడేందే!" నవ్వబోయి, నడుము పట్టుకుంది.

అంతలో గేటు ఇన్‌ఛార్జి తిరుమలేశ్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు.

"లేవాలె సారక్కా. పై గదికి పోవాలె."

"ఎందుకు బిడ్డా?"

"బయటున్ననని చెప్పినవంట గద. నలుగుట్ల ఉండొద్దు. విడిగుండాలె."

ఆమె మొహంలోకి ఏదో వచ్చింది. అది భయం కాదు. "మల్ల మొదలువెట్టిండ్రా?" అంది. మాకెవరికీ అర్థం కాలేదు. "మా అమ్మ ఊరవతల గుడిసెల కూసునేది. బాయిలకు దిగినంక గవన్ని పోయినయనుకున్న. సరే తీయ్. కూసుంట."

తన గ్లాసును తానే వేరుగా తీసుకుంది. ఎవరికీ తగలకుండా కొంగు దగ్గరికి లాక్కుని, గోడవారగా నడిచి, మనుషులను పైకీ కిందికీ మోసే ఇనుప కేజ్‌లోకి ఎక్కింది.

"సారక్కకు రూల్స్ మంచిగ తెలుసు," అన్నాడు తిరుమలేశ్ మెచ్చుకోలుగా.

కేజ్ పైకి పోయింది. ఆమె కూర్చున్న బల్ల మీద తడి మరక ఉంది. దుమ్ము తాలూకు ఏదో అనుకుని, మందు నీళ్ళతో తుడిచాను.

3

మేడం ఇవాళ తిరిగొచ్చారు. ఐదో లెవెల్‌లో ఆడపిల్ల. నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి, అయినా పాఠం మానలేదు. ఇవాళ చేతి పని కాదు, నోటి పని. అంటే, అడగడం.

"చెయ్యి పెట్టుడు ఎవరన్నా నేర్చుకుంటరు. అడుగుడే కష్టం. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎన్ని కాన్పులు, ఎన్ని పోయినయ్, తెల్లబట్ట అయితుందా, వాసనుందా. ఇవన్నీ అడగాలె. కాని నీకు రాని దాని గురించి నువ్వడగాలె, అదీ సంగతి."

నిజమే. మా తరం ఆడపిల్లలందరికీ జబ్బ చర్మం కింద ఋతుస్రావాన్ని ఆపే మందు కడ్డీ ఉంటుంది. పన్నెండేళ్ళు రాగానే పెడతారు, నీళ్ళు చాలవు కనుక. ప్రతి నెలా రక్తం పోయే రోజుల గురించి నేను పుస్తకంలో చదివాను, వాన గురించి చదివినట్టే.

"పెద్దోళ్ళు ఋతుస్రావం అని చెప్పరే. అసలు ఆ పేరే ఎత్తరు. చుట్టు తిప్పి చెప్తరు. తలకు పోసుకున్న అంటరు. ముట్టు అంటరు, అంటు అంటరు, దూరమున్న అంటరు. కాన్పులు చేసే మా అమ్మీ దగ్గరికొచ్చేటోళ్ళు ఎక్కువ బయటున్న అనేటోళ్ళు."

"ఏమనేటోళ్ళు?"

"బయటున్న. ఇంట్లకు రానియ్యకపోయేది గద, బయట కూసునేది. అందుకని."

నేను అప్పుడు పరికరాలు తుడుస్తున్నాను. తుడవడం పూర్తి చేసి, గుడ్డ మడిచి పెట్టి, అప్పుడు చెప్పాను. సారక్క ఎప్పుడో ఆగిపోయిన తర్వాత మళ్ళీ బయటున్నదని, నెలలుగా తెగట్లేదని, ఆమెను పై గదిలో పెట్టారని. రంగు ఎలా ఉందని నేను అడిగిన సంగతి కూడా చెప్పాను.

మేడం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదానితో ఒకటి పట్టుకున్నారు, వణుకు ఆపడానికి.

"ఆగిపోయినంక మల్ల రక్తం పోతే, అది కాదని తేలేదాక క్యాన్సరే అనుకోవాలె," అన్నారు. "తొందరగ దొరికితే కోసి తీసెయ్యొచ్చు. చూసే పలక చెడింది గాని దానంతట అదే కోసే బల్ల మంచిగనే ఉన్నది."

4

కింద తన ఆఫీసులో తిరుమలేశ్ మర్యాదగానే మాట్లాడాడు. మేడంకు కుర్చీ వేశాడు.

"ఆమె నోటితోని ఆమెనే చెప్పింది గద మేడం."

"ఆమె చెప్పింది వేరే. మీరు విన్నది వేరే."

"నేను వినలే. అక్క విన్నది. నేను పుట్టిందే ఈ బాయిల. నాకు బయట అంటే బయటనే." గుడ్డ కిందికి లాగి ముక్కు గోక్కున్నాడు. "నాకు సారక్క మీద కోపముందా? ఆమె కూర తినే పెరిగిన. కాని ఒకసారి ఇట్లనే చుట్టరికానికి ఒకర్ని దింపితే రెండో లెవెల్ సగం దగ్గుకుంట సచ్చింది. మా నాయిన అండ్లనే పోయిండు. అక్క ఒప్పుకుంటే దింపుత. అక్క ఒప్పుకోవాలె."

"ముందు పరీక్ష చెయ్యాలె. గర్భసంచి కదుల్తేనే కోసే బల్ల తీసుకుంటది. పక్కలకు పాకి ఎముకకు బిగుసుకుంటే ముట్టుకోదు."

"పోయి చెయ్యున్రి. కాని పైకి పోయినోళ్ళు అక్కడనే ఉండాలె, దుమ్ము పోయేదాక."

మేడంకు ఊపిరితిత్తులు సగమే పనిచేస్తాయి. పై వేడికి ఆమె వారం కూడా బతకరు.

"నేను పోత," అన్నాను. పైకి వెళ్ళడానికి అనుమతి దొరికితే ఎలా ఉంటుందని కాలేజీలో చాలాసార్లు ఊహించుకున్నాను. ఏమీ అనిపించలేదు. పరికరాలు ఏమేం మూట కట్టాలో ఆలోచిస్తున్నాను.

5

పై గది వేడిగా ఉంది. గోడ తాకితే చెయ్యి వెనక్కి వస్తుంది. గోడ పైభాగంలో సన్నటి అద్దం చీలిక ఉంది. బల్ల ఎక్కి చూశాను. ఎరుపు కాదు, నలుపూ కాదు. తెల్లగా ఉంది, అంతటా ఒకటే తెలుపు. కళ్ళు మండితే దిగాను.

సారక్క మూలన చాప మీద ఉంది. తిన్న కంచం విడిగా బోర్లించి పెట్టుకుంది.

"నిన్ను గూడ బయట కూసోబెట్టిండ్రా?" అంది జాలిగా.

జరిగింది చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విన్నది. తర్వాత నవ్వింది, కడుపు పట్టుకుని, నొప్పి వచ్చేదాకా.

"నేను పైకెక్కి పోయిన్నా? ఈ మోకాళ్ళతోని? ఓరి మీ బాయి గూల! మరి నువ్వు రంగడిగితివి గదనే!"

"అడిగిన."

"నేను చెప్తిని." మళ్ళీ నవ్వింది. ఆపి కళ్ళు తుడుచుకుంది. "ఎవ్వర్ని ముట్టుకోకుంట, నీళ్ళు గూడ అడగకుంట కూసున్న. సిగ్గుతోని సచ్చిపోయిననే పిల్లా."

అప్పుడు అడగడం మొదలుపెట్టాను, ఈసారి మేడం చెప్పిన మాటల్లో. మూడు కాన్పులు, ఒకటి నాలుగో నెలలో పోయింది. మొగుడు పోయి చాలా ఏళ్ళు. మొదట మాంసం కడిగిన నీళ్ళలాగా అయిందని, వాసన వస్తోందని, ఎవరితోనూ అనలేదని చెప్పింది. ఒకటి అడిగితే మూడు చెప్పింది. ఎవరూ అడగనందువల్లే చెప్పలేదేమో.

"లోపల చూడాలె సారక్కా. ముందు మూత్రం పోసి రా. నొప్పయితే చెప్పు. నడిమిట్ల ఆపమన్నా ఆపుత."

గోడకున్న పాత బాయి ఫోన్‌లో మేడం సిద్ధంగా ఉన్నారు. తీగ బల్ల తలవైపు దాకే అందింది. నా రెండు చేతులూ పనిలో ఉంటాయి. కనుక సారక్కే రిసీవర్ చెవి దగ్గర పట్టుకుంది.

దుప్పటి కప్పి, మోకాళ్ళు ఎడంగా పెట్టించాను. టోపీ లైటు వెలిగించాను. బాతు ముక్కులాంటి ఇనుప పరికరాన్ని వెచ్చచేయడానికి వేడి నీళ్ళలో ముంచబోతే, ఆ గదిలో అది అప్పటికే వెచ్చగా ఉంది.

"మేడం అడుగుతున్నది," అంది సారక్క పైకప్పు చూస్తూ. "ఏం కనవడుతున్నదంట?"

పరికరం మెల్లగా తెరిచాను. రబ్బరు నడుములో ఇది లేదు. మూతి ఉండాల్సిన చోట బుడిపెలు బుడిపెలుగా, అంచులు చిట్లి ఉంది. దూది తగలగానే రక్తం చిమ్మింది. ఏమని చెప్పాలో వెతుక్కున్నాను.

"పుట్టగొడుగు లెక్కున్నది అను."

"పుట్టగొడుగు లెక్కున్నదంట మేడం," అని సారక్క ఫోన్‌లో చెప్పి, నా వైపు తల ఎత్తింది. "అది నేను నాటింది కాదే."

పరికరం తీసేశాను. ఇక వేళ్ళతో చూడాలి. రెండు వేళ్ళు లోపల, ఎడమ చెయ్యి పొత్తికడుపు మీద. ఆమె బిగుసుకుంది. ఆగాను. ఊపిరి వదిలింది. మళ్ళీ కదిపాను.

"ముక్కా, పెదవా, రాయా అంటున్నది. ఇదేం ప్రశ్ననే?"

"రాయి."

ఆమె ఆ మాటను అలాగే చేరవేసింది. కాసేపు విన్నది. గొంతు కొంచెం తగ్గింది. "కదుల్తున్నదా అంటున్నది."

"ఏది?"

"నా గర్భసంచి."

రెండు చేతుల మధ్య పట్టి కుడికి తోశాను. జరిగింది. ఎడమకు తోశాను. జరిగింది, కాని ఎక్కడో తాడు కట్టినట్టు కొద్దిగా లాగింది. అది మేడంకు చెప్పించాను. ఎడమ పక్క ఖాయంగా తెలియాలంటే ఒక వేలు వెనక దారి నుంచి కూడా పెట్టి చూడాలని మేడం అన్నారు. ఆ మాట సారక్కే నాకు చెప్పింది. నేను మళ్ళీ ఆమెనే అనుమతి అడిగాను.

"అడిగి అడిగి సంపుతున్నవు. కానియ్."

చూశాను. రెండు వేళ్ళ మధ్య ఎడమ పక్క పొర కాస్త మందంగా ఉంది. కాని ఎముక దాకా పోలేదు, మధ్యలో మెత్తదనం ఉంది. ఖాయమేనా అని నన్ను నేను అడుక్కుని ఇంకోసారి చూశాను.

"ఎముకకు అంటలేదు. కదుల్తున్నది అను."

"కదుల్తున్నదంట," అంది సారక్క. ఫోన్‌లో ఏం విన్నదో, రిసీవర్ గుండె మీద పెట్టుకుంది. "దింపుమంటున్నది. లేటు చెయ్యొద్దంటున్నది."

దుప్పటి సర్ది, ఆమెను లేపి కూర్చోబెట్టాను. తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చాను. చేతులు కడుక్కుంటే నీళ్ళు ఎర్రగా పోయాయి. ఎంతసేపు కడిగానో తెలియదు. ఆమే పిలిచింది, చాలు అని.

6

గేటు దగ్గర తిరుమలేశ్ ఉన్నాడు. సర్వే దళం కుర్రాళ్ళు నలుగురు పైకి పోవడానికి ముసుగులు తగిలించుకుంటున్నారు. అక్క పెట్టె ఎర్రగా వెలుగుతోంది. ముందుగా సారక్కకు నేర్పాను: లేనని చెప్పు చాలు.

"మీరు బయట ఉన్నారా?" అంది అక్క.

సారక్క నా వైపు తిరిగింది. "ఉన్న గదనే. తెగలే గద. ఉండి లేనంటే కండ్లు పోతయ్."

"సారక్కా, ఆ బయట కాదు, ఈ బయట..."

"నాకు తెలిసింది ఒక్కటే బయట." పెట్టె వైపు వంగింది. "ముట్టు ఉన్నది తల్లీ."

"మీరు దేనిని ముట్టుకున్నారు?"

"ముట్టుకునుడు కాదు. అంటు, అంటు."

"ఎవరికి అంటుకుంది?"

"నీ పాడుగాను! దూరమున్ననంటున్న."

"ఎంత దూరంలో ఉన్నారు?"

కుర్రాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు. అక్క భాషలోనే చెప్పమన్నాను. ఋ, తు, స్రావం. ఆమె పెదవులు కదిపి చూసుకుంది.

"రుతు... సావు... సావం."

"మరణాన్ని నమోదు చేయమంటారా?"

"ఇంక సావలేదే!" అని అరిచింది సారక్క. గేటు గోడలు మోగాయి. తిరుమలేశ్ కూడా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఆమె అతన్ని చూసింది, కుర్రాళ్ళను చూసింది. కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"నెత్తురు," అంది. నవ్వులు ఆగాయి. "నా కాళ్ళ నడుమకెళ్ళి నెత్తురు పోతున్నది. నెలల నుంచి. గర్భసంచి మూతికి పుండున్నది, రాయి లెక్క. ఈ పిల్ల చెయ్యి పెట్టి చూసింది. కదుల్తున్నది. కొయ్యాలె. విన్నవా? నేను యాడికీ పోలే. నెత్తురు పోతున్నది, గంతే."

పెట్టె గరగరలాడింది.

"రక్తస్రావం. గర్భాశయ వ్యాధి. శస్త్రచికిత్స గదికి దారి ఇవ్వవలెను."

దీపం ఆకుపచ్చగా మారింది. ఎవరూ కదల్లేదు. కుర్రాళ్ళు బూట్ల వైపు చూస్తున్నారు. తిరుమలేశ్ అంత పొడుగు మనిషి, మెడ దాకా ఎర్రబడి, తల వంచుకుని నిలబడ్డాడు.

"తల కిందికేసుకుంటే గంటెవడు కొడ్తడురా?" అంది సారక్క కేజ్ ఎక్కుతూ.

అతను కేజ్ దింపే గంట కొట్టాడు. ఆమె ఈసారి గోడవారగా నిలబడలేదు, కేజ్ మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడింది. దుమ్ము పోయేదాకా నేను గేటు గీత దాటకూడదు కనుక ఇవతలే ఆగాను. "తిని పండుకో," అని నాకు చెప్పింది. కేజ్ దిగిపోయింది.

ఇనుప తాడు చాలాసేపు పరుగెత్తింది. అది నూనె కక్కుతూ పోవడాన్ని చూస్తూ నిలబడ్డాను. కుర్రాళ్ళు ముసుగులు బిగించుకుని నా పక్క నుంచి పై తలుపు వైపు వెళ్ళారు. వాళ్ళు తలుపు తెరిచినప్పుడు వేడి నా వీపుకు తగిలింది. తిరిగి చూడలేదు. తాడు నెమ్మదించి, ఒకసారి ఊగి, ఆగింది. కింద నుంచి గంట వినిపించింది, ఒక్కటే. చేరింది.